తిరిగి చెప్పే గొంతు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. వంటింట్లో అమ్మ. ముందు గదిలో కుట్టుమిషను ముందు నాన్న. మధ్యగదిలో గోడకు జేరబడి అక్క. మంచం మీద కాళ్లు చాపుకుని అత్తయ్య, అంటే నాన్నకు అక్కగారు. గుమ్మంలో, లోపలికి రావాలో బయటికి పోవాలో తేలక నిలబడ్డ చిన్నది.

నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తయ్య మాట్లాడింది గాని, అది ఎవరితోనో చెప్పడం కష్టం. గోడతో అనుకోవాలి.

"పెళ్లాం ఒక చోట, మొగుడు ఒక చోట, బిడ్డ ఇంకో చోట. ఏం కాపురాలో, ఏం పరీక్షలో!" అంది.

"బిడ్డ వాళ్ల నాన్న దగ్గరే ఉన్నాడు అత్తయ్యా," అంది చిన్నది మెల్లిగా.

ఆ మాట అత్తయ్యకు వినబడలేదు. చిన్నది మాట్లాడితే సగం మాటలు పెదవి దాటవు. అందుకే నాన్న దాన్ని గుసగుస అని పిలుస్తాడు.

నాన్న మిషను ముందు కూర్చున్నాడే గాని తొక్కడం లేదు. సూది కింద ఎవరిదో చొక్కా కాలరు సగం కుట్టి ఆగిపోయి ఉంది.

అక్క పరీక్ష తప్పింది. బావ ఉంటున్న దేశపు భాషలో పరీక్ష. ఇది రెండోసారి. చదవడంలో గట్టెక్కింది, రాయడంలో గట్టెక్కింది, మాట్లాడటంలోనూ ఎలాగో గట్టెక్కింది. వినడం దగ్గర మునిగింది. పోయినసారి మునిగిందీ అక్కడే.

ఇంకొక్క అవకాశం ఉంది. దానికి పేరు ఇవ్వడానికి రేపే ఆఖరు. ఈసారి కూడా తప్పితే మళ్లీ రెండేళ్ల దాకా ఆ పరీక్ష గుమ్మం తొక్కనివ్వరు. ఆ పరీక్ష ప్యాసైతే తప్ప ఆ దేశం అక్కను అడుగు పెట్టనివ్వదు. బావకు అక్కడే ఉద్యోగం. పసిపిల్లలకు పరీక్ష లేదు కాబట్టి, బడిలో చేర్చే అదను దాటిపోతుందని, బాబును బావ ముందుగా తీసుకెళ్లాడు. వెనకాలే అక్క వెళ్తుందనుకున్నారందరూ. కన్నతల్లే ఆ భాష నేర్పే టీచరై ఉండగా ఇదొక పరీక్షా అనుకున్నారు.

అనుకోవడానికేం, ఏమైనా అనుకుంటారు.

అమ్మ బళ్లో ఎన్నో ఏళ్లు ఆ భాష చెప్పింది. ఉద్యోగం అయిపోయాక మధ్యగదిలో చాప పరిచి చెబుతోంది. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టీచరమ్మే. నిన్న ఫలితం తెలిసినప్పటి నుంచి మాత్రం టీచరమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది.

తలుపు చప్పుడైంది. చిన్నది వెళ్లి తీసింది.

నర్సమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, మెడలో కార్డు ఇంకా వేలాడుతోంది. ఆవిడా అక్కతో పాటే పరీక్ష రాసింది. ఆ దేశపు ఆసుపత్రిలో పని దొరికితే పోదామని ఆవిడ ఆశ.

"టీచరమ్మ ఉన్నారా?"

"ఉంది. గిన్నెలకి పాఠం చెబుతోంది," అంది అత్తయ్య. "నువ్వూ తప్పావా?"

"తప్పానండీ."

"దేంట్లో?"

"వినడంలో."

"ఇదేం చోద్యమమ్మా! దేవుడు అందరికీ రెండేసి చెవులు ఇచ్చాడు కదా!"

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"కూర్చోమ్మా."

"కూర్చోను టీచరమ్మా. ఒక మాట చెప్పి పోదామని వచ్చా. రేపటి నుంచి నేను రాను."

"ఎవరి దగ్గర చేరుతున్నావు?"

"ఎవరి దగ్గరా చేరను. ఆ భాషలో వార్తలు వస్తాయి కదా, అవి పెట్టుకుని వింటా. అర్థమైనా సరే, కాకపోయినా సరే."

"అర్థం కానిది విని ఏం చేస్తావు?"

నర్సమ్మ చెప్పాలా వద్దా అన్నట్టు అక్క వైపు చూసింది. అక్క తలెత్తలేదు.

"మీ దగ్గర నాకు అర్థం కాని పాఠం ఒక్కటీ లేదు టీచరమ్మా. నా ఖర్మ అదే. అక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక ఎవడో మగాడు ముక్కుతో మాట్లాడటం మొదలెట్టాడు. వెనకాల బండ్లు పోతున్నాయి. పక్కన ఎవరో నవ్వుతున్నారు. వాడు ఒక మాట అనగానే నేను ఆగిపోయా. మీరు చెప్తారని."

"నేనా?"

"మీరే. ఇక్కడ ఎప్పుడూ జరిగేది అంతేగా. టేప్‌లో వాడు ఒక వాక్యం అంటాడు. మీరు వేలెత్తుతారు. చిన్నమ్మాయి మీట నొక్కి ఆపుతుంది. అదే వాక్యం మీరు ముత్యాలు పేర్చినట్టు మళ్లీ చెప్తారు. మాకు అర్థమైంది మీరు చెప్పిందండీ. వాడు చెప్పింది ఎవరు విన్నారు? అక్కడ నేను ఆ వేలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నా. వాడు మాత్రం ఆగకుండా రైలులా పోయాడు."

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ ఇంటికి నిశ్శబ్దం కొత్త కాదు. వినే పాఠం ఉన్న పూట అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. కిటికీలు మూసేవాళ్లు. నాన్న మిషను ఆపేవాడు. పొయ్యి మీద కుక్కరు దించేసేవాళ్లు. అత్తయ్యకు దగ్గు వస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తేది. ఒకసారి పాలవాడు తలుపు దగ్గర కేక పెట్టినందుకు అమ్మ పాలవాడినే మార్చేసింది. అంత నిశ్శబ్దంలో, ఒళ్లో అచ్చు పాఠం తెరిచి పెట్టుకుని, అమ్మ ఒక్కొక్క వాక్యాన్నీ తిరిగి చెప్పేది. పిల్లలు హాయిగా తలలూపేవాళ్లు.

టేప్ రికార్డర్ దగ్గర కూర్చునేది చిన్నది. పాఠానికి ముందు క్యాసెట్‌లో చోటు వెతికేటప్పుడు అది ఒక్కర్తే ఆ గొంతులను ఆపకుండా వినేది. ఆపకపోతే అవి వేరే గొంతుల్లా ఉండేవి. మనుషుల్లా ఉండేవి. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని చాలాసార్లు అనుకుంది. అమ్మకు పాఠం చెప్పేంత దానివా అంటారని ఊరుకుంది.

"తప్పుగా అనుకోకండి టీచరమ్మా. మీరు బాగా చెప్పలేదని కాదు," అంది నర్సమ్మ. "మరీ బాగా చెప్పారు."

అమ్మ తలుపు దాకా సాగనంపలేదు. నర్సమ్మ చెప్పులు వేసుకుంటూ చిన్నదాని చేయి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది.

"చూశావా, చూశావా!" అంది అమ్మ ఎవరితో అనాలో తెలియక. "ఎంతమందిని దాటించాను ఈ చేత్తో! ఇవాళ నా పాఠమే తప్పంట."

"ఆవిడ అన్నది నిజమే," అంది అక్క.

నిన్నటి నుంచి అక్క అన్న మొదటి మాట అది.

అమ్మ ఆమె వైపు తిరిగింది. "ఏమన్నావు?"

"నిజమే అన్నా. నేనూ అలాగే కూర్చున్నా. నీ గొంతు కోసం."

"నీకు అందక కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నన్ను నోరు మూసుకుని చూస్తూ కూర్చోమంటావా?"

"కూర్చోవాల్సింది."

"కన్నతల్లినే!"

"టీచరువి కూడా కదమ్మా. ఆ కాసేపు అమ్మవి కాకుండా ఉంటే నేను ఈపాటికి నా బిడ్డ దగ్గర ఉండేదాన్ని."

అత్తయ్య అందుకుంది.

"మరదలా, నేను చెబితే కోపమొస్తుంది గాని, నువ్వు పిల్లలకి ముద్ద నమిలి పెట్టావే. పళ్లొచ్చాక కూడా నమిలే పెట్టావు."

"మీరు ఊరుకోండి వదినా. పుండు మీద కారం చల్లకండి."

"చల్లింది నేనా? మీ నర్సమ్మ చల్లిపోయింది. నేను ఊదుతున్నా."

"అయితే సరే," అంది అమ్మ. "నా నోరే శని అయితే ఇక నోరు విప్పను. దాని చదువు అదే చదువుకుంటుంది."

వంటింటి వైపు కదిలింది. అప్పుడు చిన్నది ఏదో అంది. ఎవరికీ వినబడలేదు. నాన్నకు వినబడింది.

"ఆగండి. గుసగుస ఏదో అంటోంది," అన్నాడు ఆయన.

అందరూ తన వైపు చూసేసరికి చిన్నది గుమ్మం చెక్కను గట్టిగా పట్టుకుంది.

"ఒక్కసారి... ఆపకుండా పెడదాం. అమ్మ పెరట్లోకి వెళ్లాలి. కిటికీలు తీసేద్దాం. నాన్న మిషను తొక్కాలి."

"పాఠం జరుగుతుంటే తొక్కాలా?" నాన్న బెదిరిపోయి అమ్మ ముఖం చూశాడు. ఏళ్ల తరబడి ఆయన కాళ్లు టేప్ గొంతు వినగానే ఆగడం నేర్చుకున్నాయి.

"తొక్కండి," అంది అమ్మ పొడిగా. "ఇవాళ చిన్నమ్మగారే టీచరు."

అని పెరట్లోకి వెళ్లింది. వెళ్లి పెరటి గుమ్మంలోనే ఆగింది.

చిన్నది క్యాసెట్ పెట్టింది. కిటికీలోంచి వీధి చప్పుడు లోపలికి వచ్చింది. సైకిలు బెల్లు, ఎవరో పిల్లల అరుపులు. నాన్న తొక్కడం మొదలుపెట్టాడు. టేప్‌లో గొంతు రాగానే ఆయన కాలు దానంతట అదే ఆగిపోయింది.

"నాన్నా!"

"ఆఁ ఆఁ, తొక్కుతున్నా తల్లీ."

ఒక ఆడగొంతు, ఒక మగగొంతు. ఆడగొంతు తొందరపడుతోంది. మగగొంతు ఆవులిస్తున్నట్టుంది. అక్క వేళ్లు చాప అంచును పీకుతున్నాయి. రెండు వాక్యాలు కాగానే ఆమె కళ్లు పెరటి గుమ్మం వైపు తిరిగాయి. అమ్మ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆ పాఠాలన్నీ అమ్మకు కంఠతా వచ్చు.

అక్క ఆ పెదవులనే చూస్తోంది.

టేప్ అయిపోయింది.

"ఏమీ రాలేదు," అంది అక్క. "ఒక మాట జారిపోతుంది. అదేమిటా అని దాని వెనకాల పోతాను. వచ్చి చూసేసరికి పది మాటలు వెళ్లిపోతాయి. నా చెవుల్లో ఏదో లోపం ఉందే."

"లోపం లేదు. జారిపోయినదాన్ని పోనీ అక్కా. వెనకాల పోకు."

"పోనిస్తే ఇంకేం మిగుల్తుంది?"

చిన్నది కాసేపు మీట మీద వేలు పెట్టుకుని ఆలోచించింది.

"పక్కింట్లో పోట్లాట అయితే మనకి అన్ని మాటలూ వినబడతాయా? గోడవతల నుంచి సగమే వినబడతాయి. అయినా ఎవరు ఎవరిని తిడుతున్నారో అత్తయ్య ఇట్టే చెప్పేస్తుంది కదా."

"నన్నెందుకే మధ్యలోకి లాగుతావు!" అంది అత్తయ్య. కానీ ముఖం వెలిగింది.

"అలాగే విను. మాటలు వద్దు. ముందు మనుషుల్ని పట్టుకో. ఎవరు, ఎక్కడున్నారు, కోపమా, భయమా, విసుగా. అంతే చెప్పు నాకు."

"గోడవతల పోట్లాటలాగా."

"అవును. అమ్మ వైపు మాత్రం చూడకు. ఇటు తిరిగి కూర్చో."

అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. కళ్లు మూసుకుంది. చిన్నది మళ్లీ పెట్టింది. నాన్న ఈసారి ఆగలేదు. కాలరు పాడైనా సరే అన్నట్టు తొక్కుతున్నాడు.

"ఆవిడ కంగారుగా ఉంది," అంది అక్క కళ్లు తెరవకుండా. "ఏదో పోగొట్టుకుంది. వాడికి... వాడికి ఇంటికి పోవాలని ఉంది. విసుగు. ఆగు. సంచి! రైల్లో సంచి మర్చిపోయింది!"

"అదే! అదే అక్కా!"

అక్క కళ్లు తెరిచింది. నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లో అయింది. అత్తయ్య "ఓసి పిడుగా, నువ్వా టీచరువి!" అని చిన్నదాని వీపు చరిచింది. టేప్ ఇంకా నడుస్తోంది. విసుగు గొంతు మగాడు ఏదో అడుగుతున్నాడు. అక్క మళ్లీ చెవి ఒగ్గింది. నుదురు ముడిపడింది. ఒక్క క్షణం, అంతే.

"సంచి ఏ రంగుదో చెప్పగలరా?" అంది అమ్మ గుమ్మంలోంచి. ఆ భాషలోనే. నెమ్మదిగా, ముత్యాలు పేర్చినట్టు.

అక్క తల దానంతట అదే అటు తిరిగింది. ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"అమ్మా!"

అమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. "నేను అనలేదే. అదే వచ్చేసింది. నీ ముఖం అలా అయ్యేసరికి..."

అమ్మ మెట్టు మీద కూలబడి, తన నోరు తనది కానట్టు రెండు చేతులతో మూసుకుని కూర్చుంది.

ఆ సమయంలో ఫోను మోగింది.

సెలవు రోజు ఆ వేళకు బావ ఫోను వస్తుంది. దానికొక పద్ధతి ఏర్పడిపోయింది. అక్క ఫోనును చాప మీద పెట్టి స్పీకరు నొక్కుతుంది. చిన్నది పక్కన కూర్చుంటుంది. వెళ్లిన కొత్తలో బాబు మన మాటలే మాట్లాడేవాడు. తర్వాత ఒకటీ అరా ఆ భాష మాటలు కలిశాయి. ఇప్పుడన్నీ అవే. బడిలో అవే, ఆటల్లో అవే, బడి అయ్యాక వాడిని చూసుకునే పక్కింటావిడతో అవే. వాడు గడగడా చెప్పుకుపోతాడు. అక్క నవ్వు ముఖంతో ఫోను వైపు చూస్తూ ఉంటుంది. చిన్నది అక్క చెవి దగ్గర మన మాటల్లో తిరిగి చెబుతుంది.

"బాగున్నారా అందరూ?" బావ గొంతు అలసటగా ఉంది. ఫలితం ఆయనకు నిన్ననే తెలిసింది. దాని మాట ఎత్తలేదు. "ఇదిగో, వీడికి ఇస్తాను."

బాబు వచ్చాడు. ఏదో చెప్పాడు.

"బళ్లో కుందేలు బొమ్మ వేశాడట," అంది చిన్నది.

అక్క ఆ భాషలోనే అడిగింది, "అవునా నాన్నా? ఎంత పెద్ద కుందేలు?" అక్క అడగగలదు. అడగడానికే నేర్చుకుంది. జవాబు గబగబా వచ్చింది. అక్క చిన్నదాని వైపు చూసింది.

"దాని చెవులు కాగితంలో పట్టలేదట. ఇంకో కాగితం అతికించాడట."

అత్తయ్య పకపకా నవ్వింది. అక్క కూడా నవ్వింది. కానీ ఆమె నవ్వేసరికి అక్కడ ఫోనులో ఎవరూ లేరు. బాబు ఫోను వదిలేసి వాళ్ల నాన్నతో మాట్లాడుతున్నాడు. "ఇంకాసేపు మాట్లాడరా అమ్మతో," అంటున్నాడు బావ. వాడి గొంతు దూరం నుంచి, సణుగుతున్నట్టు, పక్కన మోగుతున్న టీవీ చప్పుడులో కలిసి వచ్చింది.

వద్దు, అన్నాడు వాడు ఆ భాషలోనే. అమ్మకి ఏం చెప్పినా అర్థం కాదు. బళ్లో అందరి అమ్మలూ మాట్లాడతారు. అమ్మ వస్తే నా ఫ్రెండ్స్ నవ్వుతారు. రావద్దని చెప్పు.

బావ చప్పున చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు. ఫోను మూగబోయింది.

అమ్మ మెట్టు మీంచి తలెత్తి చూస్తోంది. నాన్న మిషను ఆపి చూస్తున్నాడు. అక్క కళ్లు తన పెదవుల మీద ఉన్నాయి.

"ఏమన్నాడే?"

"నువ్వు ఎప్పుడొస్తావని అడుగుతున్నాడు," అంది చిన్నది.

అత్తయ్య కళ్లొత్తుకుంది. "పిచ్చి నాగన్న! తల్లి కోసం ఎంత తపించిపోతున్నాడో!"

"రేపు పొద్దున్నే వెళ్లి పేరు ఇచ్చి వస్తా," అన్నాడు నాన్న. ఆయన గొంతులో ఓపిక తిరిగి వచ్చింది.

అమ్మ ముఖం కూడా విప్పారింది. "విన్నావా? బిడ్డ పిలుస్తుంటే ఏ పరీక్ష ఆపుతుంది?" అంది.

అప్పుడు తట్టింది చిన్నదానికి. అమ్మకూ అందలేదు. వాడు అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అమ్మకు అందలేదు. ఒళ్లో అచ్చు పాఠం లేకపోతే, గొంతు సణిగితే, వెనకాల టీవీ మోగితే, అమ్మ కూడా అక్కలాగే. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎందుకు కావలసి వచ్చిందో ఆలోచిస్తే దానికి భయం వేసింది. అమ్మ వైపు చూడలేకపోయింది.

బావ మళ్లీ పలికాడు. "వాడికి నిద్ర వస్తోంది. తర్వాత చేస్తాను. ఏమీ అనుకోకు," అన్నాడు. దేనికి అనుకోవద్దన్నాడో చెప్పలేదు.

అక్క ఫోను పెట్టేసింది. చాప మడిచింది. గోడ వారగా నిలబెట్టింది. నెమ్మదిగా నడిచి పక్క గదిలోకి వెళ్లింది.

చిన్నది కాసేపు టేప్ రికార్డర్ వైరు చుట్టింది. చుట్టింది విప్పి మళ్లీ చుట్టింది. తర్వాత ఆగలేక లేచి వెళ్లింది. అక్క గది గుమ్మంలోనే నిలబడి ఉంది, తలుపు మీద చెయ్యి వేసి.

"అక్కా, రేపటి నుంచి పొద్దున్నే కూర్చుందాం. అమ్మ లేచే లోపల. ఇవాళ సంచి పట్టుకున్నావుగా, అలాగే రోజూ..."

"వాడు ఏమన్నాడు?"

"చెప్పాగా."

"మళ్లీ చెప్పు."

"నువ్వు ఎప్పుడొస్తావని..."

"అంతేనా?"

"అంతే."

అక్క ఒక్క నిమిషం దాని ముఖంలోకి చూసింది. తర్వాత ఆ భాషలో మొదలుపెట్టింది. అమ్మ చెప్పినట్టు కాదు. వాడు సణిగినట్టే సణుగుతూ, వాడు మింగేసిన చోట మింగేస్తూ, మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట పోకుండా అనేసింది. రావద్దని చెప్పు, అన్నది కూడా.



"మనుషుల్ని పట్టుకోమన్నావుగా," అంది అక్క. "పట్టుకున్నా. వాడు విసుక్కుంటున్నాడు అనుకున్నా మొదట. ఎవరి మీదా అని చెవి పెట్టా. మిగతావన్నీ వాటంతట అవే వచ్చాయి. ఎవరూ తిరిగి చెప్పకుండా నాకు అర్థమైన మొదటి మాటలు అవే."

"వాడు పసివాడు అక్కా. వాడికేం తెలుసు..."

"కుందేలు నిజమేనా?"

"నిజమే. ఒట్టు."

"పోయినసారి నా పక్కన పడుకోవాలని ఉందన్నాడన్నావు. అది?"

చిన్నది తలుపు అంచు గోటితో గీకింది.

"అంతకు ముందు, నేను పాడే జోలపాట వాళ్ల నాన్న చేత పాడించుకుంటున్నాడన్నావు. రాత్రుళ్లు అది తలుచుకునే నిద్రపోతున్నా. అది కూడానా?"

"నువ్వు ఏడుస్తావని..." అంది చిన్నది.

"అమ్మ వాక్యాలైనా నయం. ఆవిడ ఉన్నదే చెప్పింది." అక్క ఏడవలేదు. ఏడ్చి ఉంటే చిన్నది వెళ్లి పట్టుకునేది. "నా కొడుకు ఇన్నాళ్లూ నాతో ఏం మాట్లాడాడో నాకు తెలియదన్నమాట. నీతో మాట్లాడాను నేను. నీ బిడ్డ అయ్యాడు వాడు ఆ ఫోనులో."

"అలా అనకు అక్కా."

"నాన్నకి చెప్పు. రేపు నా పేరు ఇవ్వద్దని చెప్పు."

"అక్కా!"

"ఇదొక్కటైనా నేను అన్నది అన్నట్టు చెప్పు."

ముందు గదిలో నాన్న మిషను తొక్కుతున్నాడు. హుషారుగా తొక్కుతున్నాడు. తొక్కుతూనే కేక వేశాడు.

"గుసగుసా! ఏమంటోందే అక్క?"

చిన్నది నోరు తెరిచింది. అక్క దాని నోటి వైపే చూస్తూ, ఏ మాట వస్తుందో వినకుండానే, తలుపు మూసేసింది.